పారిస్‌లో కాఫీ: కుర్చీకా, కప్పుకా?

పారిస్ వెళ్ళేవాళ్ళ జాబితాలో ఐఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం తర్వాత "ఒక మంచి కాఫీ" అని తప్పకుండా ఉంటుంది. తీరా సాన్ జెర్మా పేటలో పేరు మోసిన కాఫేలో కూర్చుంటే మాడు వాసన వేసే చేదు కాఫీ ఓ చిన్న కప్పులో వస్తుంది, బిల్లు మాత్రం పెద్దది. ఫోన్‌లో వెతికితే వందల పేర్లు, అన్నిటికీ నాలుగున్నర స్టార్లు. ఇక దేనికి వెళ్ళాలో తేలదు.

ఈ ఊళ్ళో కాఫీ అమ్మేవాళ్ళు రెండు రకాలు. కొందరు అమ్మేది కుర్చీని. వీధి వైపు తిప్పిన ఆ కుర్చీలో గంటల తరబడి కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూడొచ్చు, కాఫీ దానికి అద్దె. ఇంకొందరు అమ్మేది కప్పులో ఉన్నదాన్ని, అక్కడ కుర్చీ దొరికితే దొరికినట్టు. మీకు ఏది కావాలో ముందే తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

పాత కాఫేల్లో కాఫీ ఎందుకు బాగోదని అడిగితే కారణాలు రెండు. ఒకటి, ఐవరీ కోస్ట్ లాంటి ఆఫ్రికా వలస రాజ్యాల నుంచి రొబస్టా గింజలు చవగ్గా వచ్చేవి. మరో రకం గింజ అరబికాతో పోలిస్తే రొబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, చేదు కూడా ఎక్కువే. తరాల పాటు ఫ్రెంచివాళ్ళు ఆ రుచికే అలవాటు పడ్డారు. రెండోది వ్యాపారం. పెద్ద కాఫీ కంపెనీలు కాఫే యజమానికి మెషీన్, కప్పులు, బయట వేసే గొడుగులు కూడా ఇస్తాయి, బదులుగా గింజలు తమ దగ్గరే కొనాలి. అలాంటప్పుడు ఆయన గింజ మార్చడం మాట అటుంచి, దాని గురించి ఆలోచించే అవసరం కూడా ఉండదు.

మార్పు 2005 ప్రాంతంలో మొదలై 2010-13 మధ్య ఊపందుకుంది. ఆస్ట్రేలియాలో కాఫీ రుచి మరిగి తిరిగొచ్చిన ఫ్రెంచి కుర్రాళ్ళు, ఇక్కడికొచ్చి స్థిరపడిన ఇంగ్లిషువాళ్ళు, అమెరికన్లు చిన్న చిన్న షాపులు తెరిచారు. వీళ్ళు అమ్మేదాన్నే స్పెషాల్టీ కాఫీ అంటారు. రుచి చూసే నిపుణులు వందకు 80 మార్కులు, ఆ పైన వేసిన గింజలు అన్నమాట. సంచీ మీద తోట పేరు, ఎత్తు, పండు ఎలా ఎండబెట్టారు, ఎప్పుడు వేయించారు అన్నీ రాసి ఉంటాయి.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యం: మీరు పాలతో తాగుతారా, పాలు లేకుండానా? మనలో చాలామందిది డికాషన్, చిక్కటి పాలు, చక్కెర, పొగలు కక్కే గ్లాసు. ఆ నాలుకతో నేరుగా స్పెషాల్టీ షాపులో బ్లాక్ కాఫీ తాగితే "ఇదేంటి, పుల్లగా నీళ్ళలా ఉంది?" అనిపిస్తుంది. గింజను తక్కువగా వేయిస్తారు కాబట్టి పండులో ఉన్న పులుపు నిలుస్తుంది. వాళ్ళకు అదే గొప్ప, మనకు అదే చిక్కు. మెనూలో "ఫిల్టర్" కనిపించగానే ఆర్డర్ ఇచ్చేయకండి. అది కాగితం గుండా వడగట్టిన పల్చటి బ్లాక్ కాఫీ, పాలు ఉండవు. పాలతో కావాలంటే ఫ్లాట్ వైట్ (ఎస్‌ప్రెసోలో వేడి పాలు, పల్చటి నురగ) గానీ కాపుచీనో గానీ అడగండి. ఇంకాస్త గట్టిగా కావాలంటే డబుల్ షాట్ వెయ్యమనండి.

వేడి దగ్గర కూడా నిరాశ తప్పదు. ఈ షాపుల్లో పాలను 60-65 డిగ్రీల దగ్గర ఆపేస్తారు, అంతకు మించితే పాలలోని తీపి పోతుందని. మన లెక్కన అది గోరువెచ్చన. "త్రే షో, సిల్ వూ ప్లే" అంటే ఇంకాస్త వేడి చేసి ఇస్తారు, కొందరు ముఖం అదోలా పెడతారు. పెట్టనివ్వండి. చక్కెర టేబుల్ మీద కనిపించకపోయినా అడిగితే ఇస్తారు.

ఇక ఎంతసేపు కూర్చోవాలి, వెంట ఎవరున్నారు అన్నవి. చాలా షాపులు మన టిఫిన్ సెంటర్ కంటే చిన్నవి. నలుగురైదుగురు కుటుంబం, అందులో మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ, తోపుడు బండిలో చంటిపిల్ల ఉంటే సగం షాపులు ఆ లెక్కలోనే ఎగిరిపోతాయి. బాత్రూమ్ లేనివి కూడా ఉన్నాయి. ల్యాప్‌టాప్ తీసి పనిచేసుకుంటానంటే శని ఆదివారాల్లో చాలాచోట్ల ఒప్పుకోరు.

దూరం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక కప్పు కోసం ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి మెట్రోలో వెళ్ళడం కాఫీ పిచ్చి ఉన్నవాళ్ళకే. మిగతావాళ్ళు ఆ రోజు చూడబోయే చోటికి దగ్గర్లో ఉన్నదాన్ని ఎంచుకుంటే చాలు.

ధరలు సుమారుగా ఇలా ఉంటాయి. మామూలు కాఫేలో కౌంటర్ దగ్గర నిలబడి తాగే ఎస్‌ప్రెసో యూరోన్నర, రెండు యూరోల మధ్య. అదే కాఫేలో బయట కుర్చీలో కూర్చుంటే రేటు పెరుగుతుంది. అందుకే గోడ మీద ఒకే కాఫీకి రెండు ధరలు కనిపిస్తాయి. స్పెషాల్టీ షాపులో ఎస్‌ప్రెసో రెండున్నర నుంచి మూడున్నర, పాల కాఫీ నాలుగున్నర నుంచి ఆరు దాకా. చేత్తో నీళ్ళు పోసి వడగట్టేది ఇంకా ఎక్కువ కావచ్చు. ఓట్ పాలు అడిగితే పైన కొంత వేస్తారు. సర్వీస్ చార్జీ ధరలోనే కలిసి ఉంటుంది, టిప్పు గురించి టెన్షన్ అక్కర్లేదు.

పేరున్న పాత కాఫేలు

కాఫే ద ఫ్లోర్, లే దూ మాగో. రచయితలు, తత్వవేత్తలు రోజంతా కూర్చుని రాసుకున్న చోట్లు. ఇంకా వెనక్కి వెళ్తే 1686 నాటి ప్రొకోప్ ఉంది, అది ఇప్పుడు రెస్టారెంటు. వీటిని కాఫీ కొలతతో కొలిస్తే ఓడిపోతాయి, అసలు అలా కొలవకూడదు కూడా. వెళ్ళండి, ఒక్కసారి వెళ్ళండి. కాఫీ బదులు చిక్కటి హాట్ చాక్లెట్ చెప్పుకుని గంటసేపు వీధిని చూడండి. డబ్బు అక్కడ కుర్చీకి ఇస్తున్నామని తెలిసి ఇస్తే బాధ ఉండదు.

పాతది కావాలి, కాఫీ కూడా బాగుండాలి అంటే రూ సాన్ తొనొరేలో వెర్లే ఉంది. 1880 నాటిది, లూవ్ర్‌కు నడిచి వెళ్ళేంత దగ్గర. రకరకాల దేశాల గింజలు, టీలు, పాకం పట్టిన పండ్లు అమ్ముతారు. కొత్త షాపుల్లోని పులుపు ఇక్కడ తక్కువ, రుచి నిండుగా ఉంటుంది. పెద్దవాళ్ళతో వెళ్తే, ముఖ్యంగా బ్లాక్ కాఫీ అలవాటు లేనివాళ్ళతో వెళ్తే, నా ఓటు దీనికే.

ఆస్ట్రేలియా బాట పట్టిన చిన్న షాపులు

పాల కాఫీ ఇష్టపడే తెలుగువాళ్ళు మొదలుపెట్టాల్సింది ఇక్కడ. ఆస్ట్రేలియావాళ్ళకు పాలు, కాఫీ పాళ్ళు కుదర్చడం బాగా తెలుసు. వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళకూ తెలుసు.

మోంమార్త్ర్ కొండ దిగువన, రూ దే మార్తీర్ వీధి మూలలో ఉన్న కేబీ కాఫేషాప్ 2010లో తెరిచారు. బయట ఎండలో కుర్చీలు ఉంటాయి, ఎదురుగా చెట్లు. కొండ మీది సాక్రే కర్ చర్చి చూసి మెట్లన్నీ దిగి వచ్చాక కాళ్ళు చాపుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఆ చుట్టుపక్కల నాకు కనపడలేదు. శని ఆదివారాల్లో మాత్రం కుర్చీ కోసం కళ్ళు కాయలు కాస్తాయి.

టెన్ బెల్స్ 2012 నాటిది. సాన్ మార్తాన్ కాలువకు పక్క సందులో ఉంటుంది. షాపు ఇరుకు. కాఫీ తీసుకుని కాలువ గట్టు మీద కూర్చుంటారు చాలామంది, అదే అసలు మజా. వానొస్తే ఈ ఆలోచన మానుకోండి. అక్కడికి దగ్గర్లోనే హోలీబెల్లీ ఉంది. కాఫీ బాగుంటుంది, కానీ జనం వచ్చేది పాన్‌కేక్, గుడ్డు, మాంసం ప్లేట్ల కోసం. ముందుగా టేబుల్ బుక్ చేసుకునే పద్ధతి లేదు, క్యూలో నిలబడాలి. ఒట్టి కాఫీకి అంత క్యూ దండగ.

మరే ప్రాంతంలో బూట్ కాఫే ఒకప్పటి చెప్పులు కుట్టే దుకాణం. పాత బోర్డు ఇప్పటికీ అలాగే ఉంది. ఫోటోకు ఎంత అందంగా ఉంటుందో లోపల అంత ఇరుకు. ఒక్కరే తిరుగుతుంటే ఆగండి, నలుగురు ఉంటే ఫోటో తీసుకుని ముందుకు సాగండి.

సొంతంగా గింజ వేయించేవాళ్ళు

లా కాఫెయోతెక్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్ళో స్పెషాల్టీ కాఫీకి తలుపు తీసిన షాపుల్లో ఇది ముందుంటుంది. ఫ్రాన్స్‌లో గ్వాటెమాలా రాయబారిగా పనిచేసిన గ్లోరియా మోంతెనెగ్రో 2005లో సేన్ నది ఒడ్డున, సిటీ హాల్ వెనక వైపు దీన్ని ప్రారంభించారు. షాపులోనే గింజలు వేయిస్తారు, ఆ వాసన వీధిలోకి వస్తుంది. దేశాల వారీగా కాఫీలు, ఆ రోజు ప్రత్యేకం ఒకటి. నేర్చుకునేవాళ్ళకు శిక్షణ కూడా ఇస్తారు. లోపల గదులు ఉన్నాయి, మెత్తటి కుర్చీలు ఉన్నాయి. ఎవరూ తరమరు. నోత్రదామ్ చూసి నది దాటి నెమ్మదిగా నడుచుకుంటూ రావచ్చు. సర్వీసు కాస్త నిదానం, తొందర్లో ఉన్నవాళ్ళకు చిరాకు వస్తుంది. కుటుంబంతో వచ్చి, ఒకరికి బ్లాక్, ఒకరికి పాల కాఫీ, అందరికీ కూర్చునే చోటు కావాలంటే పారిస్ మొత్తంలో నేను మొదట చెప్పేది ఇదే.

కుతూమ్ 2011లో రూ ద బాబిలోన్‌లో తెరిచారు. తెల్లటి గోడలు, గాజు పరికరాలు, కాలేజీ ల్యాబ్ గుర్తొస్తుంది. విశాలంగా ఉంటుంది. రోదాన్ మ్యూజియం, బోన్ మార్షే అనే పెద్ద దుకాణం వైపు తిరిగే రోజు ఇది అందుబాటులో ఉంటుంది. పాల కాఫీ, ఫిల్టర్ రెండూ బాగా చేస్తారు. అందుకే ఇద్దరు భిన్న రుచులవాళ్ళు వెళ్తే గొడవ రాదు. ఆ వీధి ధనవంతులది, తిండి ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

లోమీ మోంమార్త్ర్ కొండకు అవతలి వైపు, మార్కదే పొయసోనియే మెట్రో దగ్గర. ఆ పేట టూరిస్టులది కాదు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ దుకాణాలు, బట్టల మార్కెట్లతో హడావుడిగా ఉంటుంది. కాఫీ తెలిసినవాళ్ళు వెతుక్కుని వెళ్ళేది ఇక్కడికి. గింజలు కొనాలనుకునేవాళ్ళకు కూడా మంచి చోటు.

బెల్‌విల్ వాళ్ళు 2013 నుంచి గింజలు వేయిస్తున్నారు. వేరే షాపుల్లో తాగిన కాఫీ బాగుందని సంచీ తిప్పి చూస్తే తరచూ వీళ్ళ పేరే ఉంటుంది. 2016లో వాళ్ళే 10వ వార్డులో లా ఫోంతెన్ ద బెల్‌విల్ తెరిచారు. జింకు కౌంటర్, రోడ్డు మీద చిన్న టేబుళ్ళు, చీజ్ పెట్టి కాల్చిన బ్రెడ్, అచ్చం పాతకాలపు పేట కాఫేనే. కాఫీ మాత్రం కొత్తది. కుర్చీ, కప్పు రెండూ కావాలని పట్టుబట్టేవాళ్ళకు జవాబు అదే.

ముందుగా బుక్ చేసుకునే బార్

రూ దుసూలో సబ్‌స్టాన్స్ అనే చిన్న చోటు ఉంది. సీటు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. కౌంటర్ ముందు కూర్చుంటే కాఫీ చేసేవాళ్ళు ఏ తోటదో, ఏ పండు రుచి వస్తుందో చెబుతూ చేసి పెడతారు. కాఫీని సంగీత కచేరీలా కూర్చుని వినే ఓపిక ఉంటేనే వెళ్ళండి. మిగతావాళ్ళకు ఖర్చు దండగ, పక్కనున్నవాళ్ళకు విసుగు.

ఒక్క చూపులో

| చోటు | దగ్గర్లో ఏముంది | ఏం తాగాలి | కూర్చునే వీలు | ఎవరికి కుదరదు |
|---|---|---|---|---|
| వెర్లే | లూవ్ర్ | నిండు రుచి బ్లాక్ | బాగుంది | కొత్త రుచులు వెతికేవాళ్ళకు |
| కేబీ | మోంమార్త్ర్ దిగువ | ఫ్లాట్ వైట్ | బయట బాగుంది | వారాంతంలో గుంపుకు |
| టెన్ బెల్స్ | సాన్ మార్తాన్ కాలువ | ఫ్లాట్ వైట్, ఫిల్టర్ | తక్కువ | వాన రోజున |
| బూట్ | మరే | ఎస్‌ప్రెసో | లేనట్టే | కుటుంబాలకు |
| కాఫెయోతెక్ | నోత్రదామ్, సిటీ హాల్ | ఏదైనా | చాలా బాగుంది | తొందర్లో ఉన్నవాళ్ళకు |
| కుతూమ్ | రోదాన్ మ్యూజియం | ఏదైనా | బాగుంది | బడ్జెట్ చూసుకునేవాళ్ళకు |
| లోమీ | మోంమార్త్ర్ వెనక | ఫిల్టర్ | ఫర్వాలేదు | ఒక్క రోజే ఉన్నవాళ్ళకు |
| సబ్‌స్టాన్స్ | ఊరి నడిబొడ్డు | వాళ్ళు చెప్పింది | బుక్ చేస్తేనే | పిల్లలతో ఉన్నవాళ్ళకు |

మీరు ఎవరైతే ఏది

రెండు మూడు రోజుల ట్రిప్పుకు కుటుంబంతో వచ్చేవాళ్ళు కాఫెయోతెక్, వెర్లే, ఈ రెండూ పెట్టుకుంటే చాలు. కాఫే ద ఫ్లోర్‌లో ఒక సాయంత్రం కలపండి. అంతకు మించి షాపులు తిరిగితే ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని వదిలేసి వెళ్తారు.

ఇక్కడే చదువుకునే పిల్లలకు రోజూ ఐదు యూరోల ఫ్లాట్ వైట్ అంటే నెలాఖరుకు కష్టం. వారానికోసారి మంచి షాపు, మిగతా రోజుల్లో ఇంట్లో చేసుకోవడం మేలు. లోమీ, బెల్‌విల్ లాంటిచోట పావు కిలో సంచీ కొంటే ఒక్కో కప్పు చాలా తక్కువకు పడుతుంది. పారిస్ కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువ, అది కాఫీ రుచిని చంపేస్తుంది. వడగట్టే జగ్గు ఒకటి కొనుక్కోండి, ఆ ఖర్చు వృథా పోదు.

శాకాహారులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. క్రొయసాన్ పైన కనిపించే మెరుపు చాలాచోట్ల గుడ్డు సొన పూత. బనానా బ్రెడ్, కుకీల్లో కూడా గుడ్డు ఉంటుంది. గుడ్డు తినని ఇంట్లోవాళ్ళకు గ్రనోలా గానీ, వెన్న, జామ్ పూసిన బ్రెడ్ గానీ చెప్పండి.

అరకు గురించి అడిగేవాళ్ళు ఉంటారు. 2017లో మరే ప్రాంతంలోని రూ ద బ్రెతాన్య్‌లో అరకు కాఫీ పేరుతో ఏకంగా ఒక దుకాణమే తెరిచారు. మన మన్యం ఆదివాసీ రైతుల గింజ పారిస్ వీధిలో, పారిస్ ధరకు! 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ ఊళ్ళో ఎక్కడ అరకు సంచీ కనిపించినా ఒక్కసారి పాలు, చక్కెర లేకుండా తాగి చూడండి. అనంతగిరి ఘాట్ రోడ్డు పక్కన బండి మీద తాగిన కాఫీకీ దీనికీ పోలిక ఉండదు. అది మన గింజే అని నమ్మడం కష్టం.

ఇవేవీ కాదు, నాకు డికాషనే కావాలి అనేవాళ్ళూ ఉంటారు, వాళ్ళను తప్పుపట్టను. గార్ ద్యు నోర్ స్టేషన్ వెనక లా షపెల్ పేటలో శ్రీలంక తమిళుల దుకాణాలు, దక్షిణాది హోటళ్ళు వరసగా ఉన్నాయి. ఇడ్లీ, దోసెతో పాటు ఫిల్టర్ కాఫీ కూడా దొరుకుతుంది. వారం రోజుల క్రొయసాన్ల తర్వాత ప్రాణం లేచొస్తుంది.

బయల్దేరే ముందు

స్పెషాల్టీ షాపులు పొద్దున్నే ఆరింటికి తీయరు. మామూలు రోజుల్లో ఎనిమిదిన్నర ప్రాంతంలో, వారాంతంలో ఇంకా ఆలస్యంగా తీసి సాయంత్రం ఐదారింటికే కట్టేస్తారు. రాత్రి భోజనం తర్వాత కాఫీ కావాలంటే పాత కాఫేలే దిక్కు. ఆగస్టులో ఊళ్ళోవాళ్ళు సెలవులకు వెళ్తారు కాబట్టి రెండు మూడు వారాలు మూసేసే షాపులు కూడా ఉంటాయి. చిన్న వ్యాపారాలు, చేతులు మారుతుంటాయి. ఆ రోజు ఉదయం మ్యాప్‌లో వేళలు చూసుకోకుండా బయల్దేరకండి. లోపలికి అడుగుపెట్టగానే ముందు "బోంజూర్" అనండి. అది అనకుండా ఆర్డర్ చెబితే ఎంత మంచి షాపులోనైనా మర్యాద తగ్గుతుంది.

జాబితాలో లేని షాపు కనిపిస్తే గ్రైండర్ పక్కనున్న సంచీ చూడండి. తోట పేరు, వేయించిన తేదీ ఉంటే లోపలికి వెళ్ళండి. మెనూలో కాఫీ కంటే ఆకుపచ్చ, గులాబీ రంగు పానీయాలే ఎక్కువ ఉండి, బయట ఫోటోల క్యూ ఉంటే ఆలోచించుకోండి.

ఊరికి గింజలు తీసుకెళ్ళేవాళ్ళకు ఒక మాట. సంచీ మీద "ఫిల్త్ర్" అని ఉన్నది మన స్టీల్ ఫిల్టర్‌కు కాదు. పాలు పోయగానే పులుపు పైకి తేలుతుంది. "ఎస్‌ప్రెసో" అని ఉన్న, కాస్త ముదురుగా వేయించిన గింజ అడగండి, ఇంట్లో పొడి పట్టుకోండి. చికోరీ లేకపోతే మీ ఇంట్లో ఎవరూ ముట్టరనుకుంటే అది కూడా ఇక్కడే దొరుకుతుంది. కాఫీలో చికోరీ కలపడం ఫ్రాన్స్‌లో నెపోలియన్ కాలం నుంచి ఉన్నదే, ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా టీ పొడుల పక్క అరలో ఉంటుంది. స్పెషాల్టీ షాపువాళ్ళను మాత్రం అడక్కండి.